ఉపమానం మింగిన ఉపమేయం: ఉత్తరాంధ్ర యాత్రావర్ణనలో పేర్ల సమస్య

పూర్వపు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పరిధిని ఉత్తరాంధ్ర అనీ, కళింగాంధ్ర అనీ వ్యవహరించడం వాడుక. కొండ సముద్రందాకా దిగివచ్చే తీరం, వంశధార ఒడ్డున బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం, గాంగరాజుల నాటి శ్రీముఖలింగం, అరసవల్లి సూర్యాలయం, శ్రీకూర్మం, సింహాచలం, బొర్రా గుహలు, అరకు లోయ, పక్షులు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం వంటివన్నీ ఈ నేలలోనే ఉన్నాయి. యాత్రికుడికి చెప్పదగిన విశేషాలకు ఇక్కడ కొదువ లేదు. అయినా ఈ ప్రాంతాన్ని పరిచయం చేసే తెలుగు వచనం ఒక అలవాటులో స్థిరపడిపోయింది. పర్యాటక కరపత్రాల్లోనూ దినపత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ అరకు 'ఆంధ్రా ఊటీ' అవుతుంది, లంబసింగి 'ఆంధ్రా కాశ్మీరం' అవుతుంది. ఉద్దానాన్ని 'ఉత్తరాంధ్ర కోనసీమ' అంటారు. విశాఖను 'తూర్పు తీరపు గోవా' అంటారు. శ్రీకాకుళానికి ఏనాటి నుండో 'పేదల ఊటీ' అనే పేరుంది. ఒక ప్రాంతంలోని ముఖ్యస్థలాలన్నీ ఇతర ప్రాంతాల పేర్లతోనే పరిచయం కావడం సాహిత్య విమర్శ పట్టించుకోవలసిన విషయం. ఈ పేర్ల వెనుక ఉన్న అలంకార వ్యాపారాన్ని, దానివల్ల వర్ణనలోంచి తప్పిపోతున్న వాటిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అష్టాదశ వర్ణనల వారసత్వం

పర్యాటక వచనం హఠాత్తుగా పుట్టిన ప్రక్రియలా కనిపించినా దాని వస్తుసూచి పాతదే. మహాకావ్యానికి లాక్షణికులు విధించిన పద్ధెనిమిది వర్ణనల్లో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, సూర్యచంద్రోదయాలు, ఉద్యానక్రీడ, జలక్రీడ ముందు వరుసలో నిలుస్తాయి. నేటి కరపత్రంలోని సముద్రతీరం, ఘాట్ రోడ్డు మలుపులు, శీతకాలపు పొగమంచు, సూర్యోదయం చూసే చోటు, ఉద్యానవనం, పడవ విహారం దాదాపు అదే వరుసను అనుసరిస్తాయి. పర్యాటక వచనాన్ని ప్రబంధ వర్ణనకు దూరపు బంధువుగా భావించడానికి ఇంతమేరకు ఆధారం ఉంది.

అయితే ఆ పద్ధెనిమిదిలో మంత్రం, దూత్యం, ప్రయాణం, యుద్ధం, నాయకాభ్యుదయం కూడా ఉన్నాయి. ప్రబంధంలో సముద్ర వర్ణన ఎంత దీర్ఘమైనా చివరకు ఒక కథకు అంగంగానే నిలుస్తుంది. పర్వతం మీదికి ఎవరు ఎందుకు ఎక్కారో పాఠకుడికి తెలుస్తుంది. పర్యాటక వచనం ఈ సూచిలో మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని విడిచిపెట్టింది. అక్కడ కొండ ఉంటుంది గాని కొండ మీద జరిగిన కథ ఉండదు. రెండో సగానికి మినహాయింపుగా నిలిచినవి కొన్నే. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం కారణంగా బొబ్బిలి కోట ఈనాటికీ తన కథతోనే, తన పేరుతోనే పరిచయమవుతోంది. బొబ్బిలిని ఎవరూ మరో కోట పేరుతో పిలవరు. కథ నిలిచిన చోట ఉపమానం అవసరం రాలేదన్న సంగతి ఇక్కడ గమనించదగినది.

ఉపమ నుండి అతిశయోక్తికి

'అరకు ఊటీలా ఉంటుంది' అంటే అది ఉపమ. ఉపమేయం, ఉపమానం, సాధారణ ధర్మం, వాచకం నాలుగూ వాక్యంలో ఉంటాయి. చల్లదనం ఒక్కటే సాధారణ ధర్మమని పాఠకుడు గుర్తిస్తాడు. తక్కిన విషయాల్లో అరకు అరకుగానే మిగులుతుంది. 'అరకు ఆంధ్రా ఊటీ' అన్నప్పుడు భేదం తొలగి రూపకం ఏర్పడుతుంది. 'ఆంధ్రా ఊటీలో రెండు రోజులు' అని శీర్షిక పెట్టినప్పుడు ఉపమేయం వాక్యంలోనే ఉండదు. ప్రకృతాన్ని అప్రకృతం నిగరణం చేయడాన్ని, అనగా ఉపమేయాన్ని ఉపమానం మింగివేయడాన్ని మమ్మటుడు అతిశయోక్తి భేదాల్లో మొదటిదిగా చెప్పాడు. తర్వాతి లాక్షణికులు దానినే రూపకాతిశయోక్తి అన్నారు. పర్యాటక నామాలు ఈ మూడు మెట్లనూ కొద్ది కాలంలోనే దాటాయి.

కావ్యంలో నిగరణం దోషం కాదు. మింగబడిన ఉపమేయం ఏదో సహృదయుడికి తెలుసు, ఆ తెలియడంలోనే చమత్కారం ఉంది. ముఖాన్ని చంద్రుడన్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఎరగని పాఠకుడు ఉండడు. యాత్రావర్ణనలో పరిస్థితి వేరు. పాఠకుడు లంబసింగిని ఎన్నడూ చూడలేదు, చూడలేదు గనుకనే చదువుతున్నాడు. తెలియని ఉపమేయాన్ని మింగిన ఉపమానం చమత్కారాన్ని ఇవ్వదు, ఉపమేయం స్థానాన్ని ఆక్రమిస్తుంది. కాశ్మీరాన్ని వెతుక్కుంటూ చింతపల్లి మండలానికి వెళ్లిన యాత్రికుడు మంచు కురవలేదని నిరాశపడితే ఆ తప్పు లంబసింగిది కాదు.

ఉపమానం గుణంలో అధికం, ఉపమేయం న్యూనం అన్నది అలంకారశాస్త్రంలో సామాన్య నియమం. ఈ తారతమ్యం పేర్లలోకీ దిగింది. 'ఆంధ్రా' అనే విశేషణం అసలు ఊటీకి ఒక మెట్టు దిగువన ఉన్నదని చెబుతుంది. 'పేదల ఊటీ' మరింత దిగువకు పోయి చూసేవాడి ఆర్థిక స్థితిని చూడబడే ఊరికి అంటగడుతుంది. పైగా ఉపమానంగా నిలిచిన ఊటీ స్వయంగా ఒక వలసపాలన నిర్మాణం. తోడా జాతి నివసించిన నీలగిరులను ఆంగ్లాధికారులు వేసవి విడిదిగా మలచుకుని, ఉదకమండలాన్ని తమ నోటికి అనువుగా కుదించగా ఊటీ అనే పేరు నిలిచింది. ఒక కొండజాతి పేరును చెరిపిన మాటతో మరో కొండజాతి నేలను పిలవడం 'ఆంధ్రా ఊటీ' అన్న సమాసంలో దాగిన విషయం.

దక్షిణ కాశి అనే ఆక్షేపం

ఒక స్థలాన్ని మరో స్థలంతో పోల్చడం సంప్రదాయంలోనూ ఉన్నదే కదా, శ్రీముఖలింగాన్ని దక్షిణ కాశి అనలేదా అన్న ఆక్షేపం ఇక్కడ సహజంగా వస్తుంది. ఈ ఆక్షేపాన్ని తోసిపుచ్చలేము. అయితే రెండు పోలికల పని వేరు. 'దక్షిణ కాశి' అన్న మాట రూపసాదృశ్యాన్ని చెప్పదు, ఫలసాదృశ్యాన్ని చెబుతుంది. వంశధార ఒడ్డు గంగ ఒడ్డులా కనిపిస్తుందని దాని అర్థం కాదు. కాశికి పోలేనివాడికి ఇక్కడ అదే పుణ్యం లభిస్తుందని అర్థం. దిక్కును తెలిపే విశేషణంలో న్యూనత లేదు. అన్నిటికంటె ముఖ్యంగా క్షేత్రమాహాత్మ్యం ఆ బిరుదుతో ఆగదు, స్వామి ఇక్కడే ఎందుకు వెలిశాడో కథ చెబుతుంది. ముఖలింగేశ్వరుడు, కూర్మనాథుడు, వరాహ లక్ష్మీనృసింహుడు తమ తమ స్థలాలకు కట్టుబడినవారు. ఏడాదిలో ఒక్క అక్షయ తృతీయనాడే చందనం తొలగి నిజరూప దర్శనం లభిస్తుందన్న సింహాచల సంప్రదాయం మరే పోలికా అవసరం లేని విశేషం. క్షేత్రమాహాత్మ్యం సాటి చెప్పినా చివరకు స్థలాన్ని సాటిలేనిదిగా నిలుపుతుంది. పర్యాటక బిరుదు సాటితోనే మొదలై సాటితోనే ముగుస్తుంది.

స్వభావోక్తిగా స్థలనామం

ఈ నేలమీది జనం తమ స్థలాలకు పెట్టుకున్న పేర్లను గమనిస్తే మరో వర్ణన పద్ధతి కనిపిస్తుంది. విశాఖ, భీమిలి మధ్య తీరాన ఉన్న బౌద్ధ స్థావరాల్లో ఒకదాని పేరు తొట్లకొండ. నీటి నిలువ కోసం రాతిలో తొలిచిన తొట్లను చూసి వచ్చిన పేరది. పక్కనే ఉన్న బావికొండ పేరుకు కారణం కొండ మీది బావులు. ఆ ఊళ్ల వాళ్లకు విహారం, చైత్యం అన్న మాటలు తెలియకపోవచ్చు. 1980లలోనూ ఆ తర్వాతా పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి స్తూపాలను, విహారాలను వెలికి తీయడానికి చాలా ముందే, ఆ కొండల మీద ఎవరో నీటిని భద్రపరచుకుని బతికారన్న సంగతిని ఆ పేర్లు మోసుకువచ్చాయి.

లంబసింగికి కొర్రబయలు అనే మరో పేరుంది. బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దానికి స్థానికులు చెప్పే నిరుక్తి. ఇది లోకనిరుక్తి మాత్రమే కావచ్చు. అయినా వర్ణనగా దాని బలం 'ఆంధ్రా కాశ్మీరం'లో లేదు. కాశ్మీరం అన్న మాటలో చలి చూడడానికి వచ్చినవాడి ఆనందం ఉంది, కొర్రబయలులో చలిలో బతికేవాడి శరీరం ఉంది. ఉద్దానం విషయమూ అంతే. ఉద్యానానికి వికృతిగా భావించే ఆ మాటలోనే తోటల సీమ అన్న అర్థం ఉంది. కొబ్బరి, జీడిమామిడి, పనస కలిసి పెరిగే ఆ నేలకు తోట అనే అర్థమున్న సొంత పేరుండగా, ఎక్కడో గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమ పేరు తెచ్చి తగిలించడం పునరుక్తి కూడా అవుతుంది.

దండి స్వభావోక్తిని ఆద్యాలంకారంగా ఎంచాడు. కుంతకుడు అది అలంకారమే కాదన్నాడు, వస్తుస్వభావం అలంకరించబడవలసినదే తప్ప అలంకారం కాజాలదని అతని వాదం. ఆ చర్చ కావ్యానికి సంబంధించినది. స్థలవర్ణనలో మాత్రం దండి పక్షమే బలంగా కనిపిస్తుంది. తొట్లకొండ, బావికొండ, కొర్రబయలు, ఉద్దానం అన్న పేర్లు ఒక్కొక్కటీ ఒక్క మాటలో చెప్పిన స్వభావోక్తులు. కొండల్లో ఇంకా లోపలికి పోతే ఊళ్ల పేర్లలో సవర, గదబ, కువి, ఒడియా మాటలు వినిపిస్తాయి. వాటి అర్థం తెలియాలంటే ఆ భాషలు తెలియాలి. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవరలతో మెలగి, వారి భాష నేర్చి, వ్యాకరణమూ నిఘంటువూ రచించిన దారి యాత్రా రచయితకు కూడా వర్తిస్తుంది. జనం పలికే మాటకు శాస్త్రగౌరవం ఉన్నదని వాదించిన మనిషి పుట్టిన సీమను జనం పలకని మాటలతో పరిచయం చేయడంలో వైపరీత్యం ఉంది.

మింగుడుపడిన చరిత్ర

ఉపమేయం మాయమైతే పోయేది పేరు ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కరలేదు. పేరుతోపాటు దానికి అంటుకున్న చరిత్రా పోతుంది. నర్సీపట్నం నుండి మన్యంలోకి ఎక్కే దారి దీనికి మొదటి ఉదాహరణ. 1920ల మొదట్లో గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంలో రోడ్లు వేయించడానికి గిరిజనులతో నామమాత్రపు కూలికి బలవంతపు చాకిరీ చేయించాడు. ఆ అన్యాయం అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న దాడికి గురైన మొదటి పోలీసు ఠాణా చింతపల్లిది. నేడు పొగమంచు కోసం తెల్లవారుజామున వాహనాలు బారులు తీరే లంబసింగి ఆ చింతపల్లి మండలంలోనిదే. కాశ్మీరం పేరుతో కొండెక్కినవాడికి మన్యంలో రోడ్డు అన్న మాట వెనుక ఏమున్నదో తెలిసే అవకాశం లేదు. 2022లో ఏర్పడిన జిల్లాకు సీతారామరాజు పేరు పెట్టారు గాని వర్ణన వచనం ఆ పేరును బస్సు వివరాల దగ్గరే ఆపింది.

రెండో ఉదాహరణ అరకు రైలు. విశాఖ నుండి అరకుకు సొరంగాల గుండా సాగే ప్రయాణం ఈ ప్రాంతపు ఆకర్షణల్లో మొదటిది. 2017లో అద్దాల పెట్టె చేర్చాక ఆ ప్రయాణమే ఒక దర్శనీయ వస్తువైంది. కొత్తవలస-కిరండూల్ మార్గం మాత్రం యాత్రికుల కోసం వేసినది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడం కోసం 1960లలో కొండలను తొలిచి వేసిన దారి అది. అద్దాల పెట్టెకు ఎదురుగా దిగివచ్చే ఖనిజపు వ్యాగన్లు యాత్రికుడికి కనబడతాయి గాని వర్ణనలో కనబడవు. థింసా నృత్యానికీ ఇదే గతి పట్టింది. పెళ్లిళ్లకూ చైత్ర మాసపు పండుగలకూ ఊరంతా చేయి చేయి పట్టుకుని వేసే అడుగు, విడిదిగృహం ముంగిట సాయంత్రపు కార్యక్రమంగా మారినప్పుడు ఏ పండుగ నుండి ఆ అడుగు విడివడిందో చెప్పేవారు లేరు.

మూడోది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఆ తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క నాటాక కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఉద్దానం రైతుకు ఆ రాత్రి పోయింది ఒక పంట మాత్రమే కాదు, ఒక తరం ఆదాయం. దశాబ్దాలుగా ఆ ఊళ్లను పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి దీనికి తోడు. 'ఉత్తరాంధ్ర కోనసీమ' అన్న మాట ఇవేవీ మోయలేదు, పచ్చదనం ఒక్కటే దాని సాధారణ ధర్మం గనుక.

పేరు లేకపోవడానికి ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో సోంపేట బీల చెబుతుంది. బీల అంటే ఆ ప్రాంతపు వాడుకలో నీరు నిలిచే పల్లపు నేల. చేపలకు, వరికి, పశువుల మేతకు, వలస పక్షులకు ఆధారమైన ఆ చిత్తడిని నిరుపయోగ భూమిగా లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. దానిని వ్యతిరేకించిన జనం మీద 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. కాగితం మీద 'బీల' అన్న మాట, ఆ మాటకున్న అర్థం నమోదై ఉంటే అదంతా ఆగి ఉండేదని చెప్పలేము. కాని ఒక నేల ఉపయోగాన్ని తెలిపే సొంత మాటను పక్కన పెట్టడం ఆ నేలను పనికిరానిదిగా చూపడానికి మొదటి మెట్టు అయిందన్నది స్పష్టం. పర్యాటక వచనం చేసే పని దీనితో సమానమైన అపరాధం కాదు. అయితే రెండింటిలోనూ స్థానికుల మాట చోటు కోల్పోతుంది.

వీరాస్వామయ్య చూపిన దారి

తెలుగులో యాత్రావచనానికి మరో ఆరంభం ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు చేరి, అక్కడినుండి ఉత్తరంగా నాగపూరు బాట పట్టి కాశికి పోయాడు. తిరుగు ప్రయాణంలో కలకత్తా, పూరీ జగన్నాథం మీదుగా గంజాం తీరం వెంట ఉత్తరాంధ్రలో ప్రవేశించి, 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసిన ఆ వివరాలు అతని మరణానంతరం 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి.

ఆ గ్రంథం పుణ్యయాత్ర చరిత్రే అయినా దాని చూపు మజిలీ మీద ఉంటుంది. దారి ఎలా ఉంది, నీరు ఎక్కడ దొరుకుతుంది, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏ సరుకులున్నాయి, ఏయే కులాలవారు ఉంటారు, వారి ఆచారాలేమిటి అన్నవి అతని ప్రశ్నలు. బోయీలతో, పరివారంతో నడిచే ప్రయాణానికి అవి ప్రాణావసరాలు. అందువల్ల అతని వచనం ఊరిని అక్కడివాళ్లు బతికే ఏర్పాటుగా చూసింది. వీరాస్వామయ్యకు తన కాలపు పరిమితులున్నాయి, అధికారుల కొలువులో ఉన్న శిష్టుడి దృష్టి అతనిది. అయినా ఏ ఊరినైనా మరో ఊరి ప్రతిబింబంగా కాక, ఆ రోజు తన కాళ్ల కింద ఉన్న చోటుగా రాసే అతని పద్ధతి తర్వాతి పర్యాటక వచనానికి అందలేదు.

మార్కెట్టు వాదం

పర్యాటకులను రప్పించాలంటే తెలిసిన పేరుతో పోల్చక తప్పదని, ఇది వ్యాపార భాష అని, దానికి అలంకారశాస్త్రం వర్తింపజేయడం అనవసరమని అనవచ్చు. ఈ వాదానికి సమాధానం ఆ ప్రాంతపు వస్తువుల్లోనే ఉంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ పరదేశాల్లో సైతం అరకు పేరుతోనే అమ్ముడుపోతోంది. పనస దుంగతో తయారయ్యే బొబ్బిలి వీణ, అంకుడు కర్రతో చేసి లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మ, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే పొందూరు ఖద్దరు ఏ ఇతర ఊరి పేరునూ అరువు తెచ్చుకోలేదు. వస్తువు సొంత పేరుతో నిలబడగలిగినప్పుడు ఆ వస్తువు పుట్టిన స్థలం నిలబడలేదనడం కుదరదు.

ఎవరికి చెప్పే మాట

పర్యాటక వచనంలో సంబోధింపబడే పాఠకుడు ఎవరన్నది చివరి ప్రశ్న. అతడు ఊటీని, గోవాను చూసినవాడు లేదా చూడగోరేవాడు, నగరవాసి, సెలవుదినాల లెక్కతో బయలుదేరేవాడు. అదే నగరపు ఉత్తర శివారుల్లో, సూరారం, జీడిమెట్ల పారిశ్రామికవాడల పరిసరాల్లో, శ్రీకాకుళం వైపు నుండి పొట్టకూటికి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. సంక్రాంతికి పలాసకో టెక్కలికో బయలుదేరే ఆ కుటుంబానికి ఉద్దానం దర్శనీయ స్థలం కాదు, విడిచి వచ్చిన ఇల్లు. ఒకే రైలులో ఒకే దిక్కుకు పోయే ఇద్దరు ప్రయాణికుల్లో ఒకరి కోసమే వర్ణన రాయబడుతోంది. రెండో ప్రయాణికుడు ఎందుకు ఊరు విడిచాడో 'పేదల ఊటీ' అన్న పేరు చెప్పదు. అందులోని పేదరికం చవకకు పర్యాయపదంగా మిగిలింది.

ఆ కారణం చెప్పినవి ఈ ప్రాంతపు కథలు. 1964 నాటి కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో సుందరపాలెం బయటినుండి చూసేవాడికి అభివృద్ధి చెందిన గ్రామం. రోడ్డూ బడీ ఉన్న ఆ ఊరిలో తీరని అప్పు ఒక కుటుంబాన్ని ఏ స్థితికి తెచ్చిందో కథ చూపుతుంది. ఊరి ముఖానికీ లోపలి స్థితికీ మధ్య దూరాన్ని కొలవడమే ఆ కథ శిల్పం. పర్యాటక వచనం ముఖం దగ్గర ఆగుతుంది. ఆ రచయితే 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం తెలుగు కథకు ప్రత్యేకించిన గ్రంథాలయం. గురజాడ నివసించిన విజయనగరపు ఇల్లు కొన్ని సూచీల్లోనైనా కనబడుతుంది, కథానిలయం మాత్రం అరుదుగా కనబడుతుంది. అరసవల్లికి వచ్చిన యాత్రికుడికి ఆ ఊరిలోనే ఉన్న ఈ ఇంటి సంగతి చెప్పని వర్ణనను సాంస్కృతిక వర్ణన అనలేము.

ముగింపు

ఉత్తరాంధ్రను పరిచయం చేసే పర్యాటక వచనం ప్రబంధ వర్ణన నుండి దృశ్యాన్ని స్వీకరించి కథను విడిచింది. క్షేత్రమాహాత్మ్యం నుండి పోలికను స్వీకరించి స్థలవైశిష్ట్యాన్ని విడిచింది. వీరాస్వామయ్య నుండి దాదాపు ఏమీ స్వీకరించలేదు. ఉపమానాన్ని తలకిందులు చేసి ఊటీని అరకుతో పోల్చినా అది ప్రతీపాలంకారమే అవుతుంది, సమస్య తీరదు. స్థానిక నామాన్ని శీర్షికలో నిలపడం, ఆ నామానికి స్థానికులు చెప్పే అర్థాన్ని నమోదు చేయడం, దారి ఎవరు ఎందుకు వేశారో ఒక్క వాక్యంలోనైనా చెప్పడం అసాధ్యమైన పనులు కావు. ఉత్తరాంధ్ర స్థలనామాలను, వాటి నిరుక్తులను, సవర, గదబ, కువి భాషల సాయంతో సేకరించి పరిష్కరించే పని తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగినది. ఆ సామగ్రి అందుబాటులో ఉంటే, లంబసింగి గురించి రాసే విలేఖరికి కొర్రబయలు అన్న మాట కూడా చేతికందుతుంది.